క్వార్టర్సులో ఒకే కుర్చీ

చెత్త తగ్గాలని కొత్త చట్టం వచ్చింది. పాత వస్తువు "ఇక నా వల్ల కాదు" అని తన నోటితో ఒప్పుకుంటేనే ప్రభుత్వం కొత్తది కొంటుంది. మునిసిపాలిటీ మాకిచ్చిన క్వార్టర్సులో ఉన్నది ఒక్క కుర్చీ. పెళ్లయిన దగ్గర్నుంచి ఇద్దరం దాంట్లోనే ఇరుక్కుని కూర్చుంటున్నాం.

ఇవాళ మా ఆయన సుధాంశు కొత్త కుర్చీ కోసం దాన్ని బతిమాలారు.

"ఏమ్మా, పాడైపోయావు కదూ?"

"లేదండీ. ఇద్దరినీ హాయిగా మోస్తున్నాను," అంది కుర్చీ.

"నిన్న నీ కాలు ఊగిందిగా?"

"మీరే బోల్టు వదులు చేశారు. పొద్దున ఇంకొకరు మళ్లీ బిగించారు."

"ఎవరు?"

కుర్చీ జవాబు చెప్పేలోపు నేను పానాను కొంగుచాటున దాచి, కాఫీ గ్లాసుతో వెళ్లి దాంట్లో కూర్చుని, కాస్త పక్కకి జరిగాను.

"రండి, చల్లారిపోతుంది."