ఐదో రోజు మాట

గొంతు బొంగురుపోయిందని ఖమ్మం తీసుకెళ్లి, నన్ను బయట కూర్చోబెట్టి, డాక్టరుతో మాట్లాడి వచ్చాడు నాన్న. “వారం రోజులు నోరు విప్పొద్దన్నారమ్మా. విప్పావా, రేడియోలో పాడటం మర్చిపో!”

ఆడిషన్‌ పది రోజుల్లో ఉంది. ఆ క్షణం నుంచే మూగదాన్నయ్యాను.

నాలుగో రోజు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మా పొలం పక్క చెలక దగ్గరికి వచ్చాడు. అది తనదేనంటాడు నాన్న. దున్నేది తండాలోని హేమ్లి వాళ్లు; వాళ్లూ అక్కడే నిలబడ్డారు. సర్కారోళ్లు అడిగితే ఆ సంగతి చెబుతానని హేమ్లికి ఎప్పుడో మాటిచ్చాను.

“ఈ చెలక వీళ్లే దున్నుతున్నరా, అమ్మా?” ఇన్‌స్పెక్టరు నన్నే అడిగాడు.

“దానికి గొంతు బాగాలేదండీ, మాట్లాడకూడదు,” అన్నాడు నాన్న.

నేను తల దించుకున్నాను. ఇన్‌స్పెక్టరు నాన్న పేరు రాసుకున్నాడు.

మర్నాడు ఉతకబోయిన నాన్న చొక్కా జేబులో డాక్టరు చీటీ దొరికింది. ఉప్పునీళ్లు పుక్కిలించమని ఉంది. మాట్లాడొద్దని ఎక్కడా లేదు.

చీటీ పట్టుకుని తండాకు పరిగెత్తాను. “నాన్న నన్ను మోసం చేశాడే, హేమ్లీ! కావాలనే నా నోరు కట్టేశాడు.”

హేమ్లి చీటీ వైపు చూడనైనా లేదు.

“నోరంటే కట్టేసిండు. తలన్న ఊపరాదా, అక్కా?”