ఒంటిపూట చెరకు

చాళ్లలోకి నీళ్లు వదిలి కూలీలంతా భోజనాలకు వెళ్లాక, పెద్దసారు బకెట్టు పట్టుకుని చెరకు మడిలోకి దిగాడు. బకెట్టు నిండా యూరియా. ఆ పరిశోధన కేంద్రంలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న శాస్త్రవేత్త, ఇంకో మూడు నెలల్లో రిటైర్ కాబోయే మనిషి, తన కేంద్రం పొలంలోనే దొంగలా వంగి నడుస్తున్నాడు.

కారణం కడుపుమంట. దానికి ఇంకో మంచి పేరు వెతకడం అనవసరం.

ఆ పొలంలో పోటీ రెండు రకాల మధ్య. ఒకటి పెద్దసారుది. ఇంకోటి, తొమ్మిదేళ్ల క్రితం ఉద్యోగంలో చేరిన చిన్నమేడం పెంచుకొచ్చినది. ఒక్కో రకాన్నీ కొన్ని మడుల్లో ఎరువు లేకుండా, కొన్నిట్లో సగం మోతాదుతో, కొన్నిట్లో పూర్తి మోతాదుతో, కొన్నిట్లో ఒకటిన్నర మోతాదుతో పెంచారు. ఎంత ఎరువుకి ఎంత బరువు, ఎంత తీపి వస్తుందో చూసి, నెగ్గినదాన్ని రైతులకు విడుదల చేస్తారు.

పెద్దసారు రకం ఒకటిన్నర మోతాదు పడితే గాని ఒళ్లు చేయదు. ఒళ్లు చేశాక నిలబడలేదు. కూలీలు దానికి తిండిపోతు అని పేరు పెట్టారు. రెండోది సగం ఎరువుతోనే నిటారుగా ఎదిగి, నాలుక అంటుకుపోయేంత తియ్యటి రసం ఇస్తోంది. దాని పేరు ఒంటిపూట.

పోయిన నెల ఈదురుగాలికి తిండిపోతు మొత్తం నేలమీద పడుకుంది. విడుదలకి రకాల్ని ఎంపిక చేసే కమిటీ దాన్ని జాబితాలోంచి కొట్టేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో పెద్దసారు పేరున ఒక్క రకమూ బయటికి రాలేదు. అదైనా ఎలాగో దిగమింగుకునేవాడు. కానీ కొత్త రకాలు పుట్టించినవాళ్ల పేర్లు చెక్కే ఆఫీసు గోడమీది పలకకి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల పేరు ఎక్కడం మాత్రం చూడలేడు. తనకు దక్కనిది ఆమెకీ దక్కకూడదు.

పైగా ఆ పిల్ల వ్యవహారం మొదట్నించీ తేడాగానే ఉంది. డైరెక్టరు గదిలో తలుపు వేసుకుని గుసగుసలు. పెద్దసారు వస్తున్నాడంటే చాలు, బల్లమీది కాగితాలు సొరుగులోకి తోసి తాళం వేసేది. ఒకరోజు ఆయన లేనప్పుడు ఇంటికే వచ్చి, ఆయన పాత డైరీలు అడిగి పట్టుకెళ్లింది. టీ తాగి మరీ వెళ్లిందట.

"నా బుర్ర దోచుకుని తను పైకి రావాలని చూస్తోంది" అని ఆయన కంచం ముందు కూర్చుని పళ్లు నూరాడు.

"ఆ అమ్మాయి మిమ్మల్ని కన్నతండ్రిలా చూస్తుందండీ. మీకే ఎందుకో ఆవిడంటే గిట్టదు" అంది భార్య. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు.

మర్నాడు చిన్నమేడం వరండాలో ఎదురుపడి, ఒంటిపూట గురించి తనే కదిలించింది.

"మీరు సీట్లో ఉండగానే ఇది విడుదల కావాలి సార్. అది నా పంతం."

పంతమట. ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. తనని ఎదురుగా కూర్చోబెట్టి మరీ గెలవాలనుకుంటోంది. ఎంత పొగరు. అప్పుడే ఆయన మనసులో బకెట్టు మెదిలింది.

కోతకు రెండు నెలలుంది. చెరకు గడలో తీపి కట్టే సమయం. అప్పుడు యూరియా దట్టిస్తే చెరకు ఆ పని మానేసి, మళ్లీ ఆకులూ పిలకలూ వేస్తూ కూర్చుంటుంది. రసం నీళ్లవుతుంది. ఇలా చేసిన రైతుల్ని ముప్పై ఏళ్లుగా ఆయనే చెడామడా తిడుతూ వచ్చాడు. ఇప్పుడు ఒంటిపూట సగం మోతాదు మడులు మూడింట్లోనూ తనే గుప్పెళ్లతో చల్లాడు. నీళ్లలో యూరియా చక్కగా కరిగిపోయింది. చేతులు కడుక్కుని, తన గదిలోకి వెళ్లి క్యారియరు విప్పాడు. చాన్నాళ్ల తర్వాత ఆకలేసింది.

కోత రోజు కమిటీ వాళ్లు ముగ్గురూ వచ్చారు. గడలు గానుగలో పెట్టారు. తీపి కొలిచే గొట్టం చివరి గాజుమీద రసం చుక్క వేసి, దాన్ని కంటికి పెట్టుకుని అంకె చూశారు. ఇరవై దాటుతుందనుకున్నది పద్నాలుగు దగ్గర ఆగింది. రెండో మడిలోనూ అంతే. మూడో మడిలో ఇంకా తక్కువ. సగం ఎరువుతో తీపి నిలబడటం లేదని రాసి, ఒంటిపూట విడుదల కోసం చిన్నమేడం పెట్టిన దరఖాస్తు తిప్పి ఇచ్చేసి, కమిటీ కారెక్కింది.

పెద్దసారుకి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఓదార్చే నెపంతో చిన్నమేడం గదికి వెళ్లాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"నన్ను క్షమించండి సార్" అంది ఆయన్ని చూడగానే.

పోటీకి దిగినందుకు ఇప్పటికైనా బుద్ధి వచ్చిందనుకున్నాడాయన. గెలిచినవాడికి పెద్దమనసు చూపించడం ఎంత సుఖమో అప్పుడే తెలిసింది.

"పోనీలేమ్మా. ఇంకా నీకు బోలెడు సర్వీసుంది."

"మీకు లేదు కద సార్."

అంత ఏడుపులోనూ దెప్పడం మానలేదు, చూశారా అనుకున్నాడు. ఆమె మొహం కడుక్కోవడానికి బయటికి వెళ్లింది. ఇన్నాళ్లూ సొరుగులో తాళంపడి ఉన్న దరఖాస్తు ఇప్పుడు బల్లమీద దిక్కులేకుండా పడి ఉంది. తను ఓడించిన పేరు కళ్లారా చదువుకుందామని, ఆయన కుర్చీ లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీ తిప్పాడు.

తొమ్మిదేళ్ల క్రితం ఆయనే పనికిరావని పీకించి గట్టున పారేయించిన మొక్కల్లోంచి ఏరి పెంచిన రకమని రాసి, దాన్ని పుట్టించిన శాస్త్రవేత్త ఎవరన్న చోట చిన్నమేడం గుండ్రటి అక్షరాలతో నింపింది పెద్దసారు పేరు.