కుడిచెవి పక్కన గోడ

మత్తు డాక్టరుకు ఉన్న ఆస్తల్లా చెవులే. మత్తులో ఉన్న మనిషి ప్రాణం యంత్రం కూతలోనే తెలుస్తుంది. అందుకే ఆసుపత్రి సద్దుమణిగాక, చెవుల డాక్టరైన చెల్లెలి దగ్గరికి దొంగలా వెళ్లాడు.

ఆమె పరీక్ష ముగించి శబ్దం చొరని గది తలుపు తీసింది. "అన్నయ్యా, ఎడమచెవి ఫర్వాలేదు. కుడిచెవి ఎప్పుడో పోయింది. అందులో ఢంకా బజాయించినా వినపడదు."

ఆయన కుడిచెవి తడుముకున్నాడు.

"పొద్దున ఆపరేషన్‌లో పసిపాపకు పెట్టిన ఊపిరి గొట్టం జారింది. కూత మారినా నేను పట్టుకోలేదమ్మా. 'పాపను చూడండి' అని ఎవరో ఆవిడ నా కుడిచెవిలో చెప్పింది. పాప దక్కింది. థ్యాంక్స్ చెబుదామని తిరిగితే, అటు గోడే ఉంది."



ఇకమీదట ఆపరేషన్లకు రానని పెద్ద డాక్టరుకు అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పి, ఇల్లు చేరాడు. భార్య అప్పటికే గురకపెట్టి నిద్రపోతోంది. పక్కన పడుకుని, మంచి చెవిని దిండుకు అదిమాడు. ఫ్యాను చప్పుడు, గురక, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"నీ రుణం ఎలా తీర్చుకోను తల్లీ?" అన్నాడు చీకట్లోకి. కళ్లు చెమర్చాయి.

కుడిచెవికి వెచ్చటి ఊపిరి తగిలింది.

"మీ ఆవిడను చూడండి."

చటుక్కున తలెత్తాడు. ఫ్యాను చప్పుడు తిరిగొచ్చింది. గురక రాలేదు.

"నీకు వెయ్యి దండాలు తల్లీ" అంటూనే, ఆయన వేళ్లు భార్య మెడ మీద నాడి కోసం వెతుకుతున్నాయి.