ఇరవయ్యో చీటీ

రెండు మరలు విప్పితే చాలు, మనిషి పేరు బయటపడుతుంది.

తుపాకీ మడమకు బిగించిన ఇనుప రేకు కింద చిన్న చీటీ పెట్టుకోవడం రెండో ప్రపంచ యుద్ధకాలపు స్విస్ సైనికుల అలవాటు. పేరు, ఊరు, చేసే పని. సైన్యం వదిలాక తుపాకీ ఇంటికే తెచ్చుకునేవారు. వాళ్లు పోయాక పిల్లలు అమ్మేస్తారు. లోపల చీటీ ఉందన్న సంగతి ఎవడికి గుర్తుంటుంది?

ఆల్బిన్ గిస్లర్‌కు గుర్తుంటుంది. శనివారం పొద్దున సార్నెన్‌లో వేలం. హోటల్ హాల్లో బల్లల మీద తుపాకులు పరిచారు. గిస్లర్ సొంత స్క్రూడ్రైవర్ తీసి ఏడో బల్ల మీదున్న తుపాకీ మరలు విప్పాడు. పసుపెక్కిన కాగితం. పెన్సిల్ రాత.

ఫ్రిడోలిన్ ఎట్లిన్, వడ్రంగి, కెర్న్స్.

ఆయన జాబితాలో ఇరవై పేర్లు. పందొమ్మిది కొట్టేసి ఉన్నాయి. మిగిలింది ఇదే. చీటీ లోపల పెట్టి మరలు బిగించాడు.

"దొరికాడా మీవాడు?" అన్నాడు వేలం నడిపే ష్టోకర్.

"దొరికాడు."

"ముప్పై ఏళ్లుగా ఇదే పిచ్చి! సైన్యంలో మీ నాన్నగారి కంపెనీ చేత మళ్లీ కవాతు చేయించేట్టున్నారే. అవునూ, మీ నాన్నగారి తుపాకీ ఏదండీ? ఎప్పుడూ అడగరు."

"అది నాకక్కర్లేదు."

ష్టోకర్ నవ్వాడు. ఆ కంపెనీలో నూట యాభై మంది ఉండేవారు. గిస్లర్‌కు ఇరవై మందే కావాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. హాలు నిండా అలాంటి జనమే. తుపాకీ కర్ర మీద గీత కనిపిస్తే అయ్యో అని మూలుగుతారు. ఆ గొట్టం ఎవడి మీద పేలిందో ఒక్కడూ అడగడు.

పాట మొదలైంది. నాలుగు వందల ఫ్రాంకుల సరుకు. ఏడు వందల దగ్గర అందరూ తప్పుకున్నారు, ముందు వరుసలో ఎర్ర స్కార్ఫు అమ్మాయి తప్ప.

"పన్నెండు వందలు," అన్నాడు గిస్లర్.

"పదమూడు."

"ఏమమ్మోయ్, అదేమన్నా జనరల్‌గారి తుపాకీ అనుకున్నావా?" వెనక నుంచి ఎవడో అరిచాడు.

"పద్నాలుగు," అన్నాడు గిస్లర్. జేబులో ఉన్నది అంతే. ఆమె ఇంకొక్క మాటంటే ముప్పై ఏళ్లూ గంగలో కలిసినట్టే.

ఆమె అనలేదు. వెనక్కి తిరిగింది. "పెద్దాయనా, ఇది మా తాతది. మా మామయ్య చెప్పాపెట్టకుండా అమ్మేశాడు. నేనింకా పాడగలను. కానీ చెప్పండి, మీకెందుకు?"

"మా నాన్న, మీ తాత ఒకే కంపెనీ అమ్మా."

ష్టోకర్ సుత్తి పక్కన పెట్టాడు.

"స్నేహితులా?"

"ఒకే గదిలో గడ్డి మీద పడుకున్నారు. ఒకే పేకకట్టతో ఆడుకున్నారు. నలభై మూడు నవంబరులో ఓ సాయంత్రం ఇద్దరూ అడవిలో ఒక్కచోటే ఉన్నారు."

"నవంబరా?" ఆమె మొహం మారింది. "ప్రతి నవంబరులో ఓ రోజు తాత భోజనం ముట్టేవాడు కాదు. ఈ తుపాకీని అటక మీద గోడవైపు తిప్పి పెట్టాడు. ఏటా సైన్యం పెట్టే గురి పరీక్షకు పక్కింటాయనది అరువు తెచ్చుకునేవాడు. ఎందుకు తాతా అంటే తిట్లే తిట్లు. మొండి ఘటం." బల్ల మీది తుపాకీ వైపు చూసింది. "కుర్రతనంలో ఎలా ఉండేవాడట?"

గిస్లర్ ఆలోచించాడు.

"గురి తప్పేవాడు కాదట."

ఆమె నవ్వేసింది. స్కార్ఫు కొసతో కళ్లొత్తుకుంది. "సరే, తీసుకోండి. పరాయి ఇంటికేం పోవడంలేదుగా."

ఒకటోసారి. రెండోసారి. సుత్తి పడింది.

బయట మెట్ల మీద గిస్లర్ మరలు విప్పి చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

"మరి మీకు?"

"పేరు నాకు నోటికొచ్చు."

ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెచ్చగా ఉంది. ఆయనకు ఏమీ అనిపించలేదు.

గిస్లర్ ఆ ఇల్లు కొన్నదే నేలమాళిగ పొడవు చూసి. ఒకప్పుడు చీజ్ దిమ్మెలు నిలవచేసిన చోటు. సాయంత్రం తుపాకీ పట్టుకుని కిందికి దిగుతుంటే భార్య థెరెస్ పైమెట్టు మీదే ఆగిపోయింది. ఆమె ఎప్పుడూ అంతవరకే.

"వచ్చాడా ఇరవయ్యోవాడు?"

"వచ్చాడు."

"ఇకనైనా వేళకు సూప్ తాగుతావా?"

"వస్తున్నా."

"ఆ మాట పెళ్లయినప్పట్నుంచీ వింటున్నా," అని తలుపు దగ్గరగా వేసింది.

చెక్క చట్రం మీద తుపాకులు రెండు వరుసలు. కింద పది. పైన తొమ్మిది, ఒక ఖాళీ. గొట్టాలన్నీ ఒకే వైపు. గిస్లర్ ఎట్లిన్ తుపాకీని ఖాళీలో పెట్టి, మిగతా వాటితో సమంగా జరిపాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. ఏడుపూ రాలేదు. లైటు సన్నగా గుయ్యిమంటోంది.

తర్వాత పదిహేను అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎదురుగోడ దాకా నడిచి, వెనక్కి తిరిగి, ఇరవై గొట్టాలకూ ఎదురుగా, దేశద్రోహి అని ముద్ర వేసి సొంత కంపెనీ చేతే కాల్పించిన సాయంత్రం తన తండ్రి నిలబడ్డ చోట నిలబడ్డాడు.