కాగితమంత బలం

"కత్తి కింద పెట్టు! నువ్వు ముట్టుకున్నావంటే ఊరుకోను" అని తమ్ముడి మీద ఇంతెత్తున లేచింది కున్సులు.

బెయ్‌బిత్ కత్తిని పళ్ళెంలో పెట్టేశాడు. వాకిట్లో పరిచిన తెల్లకంబళి మీద అల్తినై కూర్చుని ఉంది. రెండు చీలమండలనూ కలిపి నలుపూ తెలుపూ పేనిన ఉన్నితాడు కట్టారు. ఉన్న రెండు పళ్ళతోనే నూనెలో వేగిన వేడివేడి బౌర్సాకు రొట్టె నములుతూ, ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహంలోకి చూస్తోంది.

"తొలి అడుగుల తాడు ఎవరు కోస్తే వాళ్ళ నడకే వస్తుంది. నువ్వు కోస్తావా? రొట్టె తెమ్మని పంపితే, దానికి బూజు పట్టాక ఇల్లు చేరతావు! మా ఆయన కోస్తాడు. వరసగా మూడేళ్ళు గుర్రప్పందెం గెలిచిన మనిషి" అంది కున్సులు. అంతలోనే ఆమె గొంతు దిగిపోయింది. "పది నెలలుగా ఎత్తుకుని తిప్పుతున్నానురా. ఇవాళ కూడా అడుగు పడకపోతే ఇక చక్రాల కుర్చీయే."

ఆ మాటకు బెయ్‌బిత్ అక్క వైపు తిరిగాడు. "ఎముకల్లో ఏ లోపమూ లేదన్నాడు కదక్కా డాక్టరు. ఒకసారి పడింది, భయం పట్టుకుంది. అంతే."

బావ జాందోస్ మీసం దువ్వాడు. "అసలు నడకెందుకు బావమరిదీ? బైకనూరు రాకెట్ కేంద్రంలో అంత పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నావు. మీ శాస్త్రవేత్తలు ఇక్కడ మాయం చేసి అక్కడ ప్రత్యక్షం చేస్తారటగా? అలా ఓసారి గుమ్మం దాకా పంపెయ్యరాదూ!"

"పంపేది మనిషిని కాదు బావా, కంటికి కనబడని రేణువు ఎలా ఉందో ఆ స్థితిని. అక్కడ అది తేలాలంటే ఇక్కడ చెరిగిపోవాలి. పైగా ఇక్కణ్ణుంచి కబురు అందాలి. ఆ కబురు వెలుగు కంటే వేగంగా పోదు. మనుషుల సంగతంటావా, మన మునిమనవలు చూసుకుంటార్లే."

"మరి అక్కడ నువ్వు చేస్తున్న రాకెట్ ఇంజనో?" అన్నాడు జాందోస్.

"అరచేతిలో కాగితం పెడితే ఎంత బరువుంటుందో, అంత బలంతో తోస్తుంది."

వాకిట్లో చేరిన చుట్టాలంతా గొల్లున నవ్వారు. "కాగితం తోస్తే అంగారకుడి దాకా పోతారా!"

"మామూలు రాకెట్టు పది నిమిషాలు మండి చల్లారుతుంది. ఇది ఏళ్ళ తరబడి తోస్తూనే ఉంటుంది. శూన్యంలో అడ్డేముంది? చివరికి ఇదే ముందుంటుంది" అన్నాడు బెయ్‌బిత్. వినేదెవరు?

జాందోస్ ఒక్క వేటుకు తాడు కోసి, రెండు చేతులూ పట్టుకుని విసురుగా లాగాడు. అల్తినై కాళ్ళు తేలిపోయాయి. కంబళి మీద చతికిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కున్సులు తలగుడ్డతో మొహం కప్పుకుంది.

బెయ్‌బిత్ తాడు ముక్కలు ఏరి, ముడేసి, మళ్ళీ కట్టాడు.

"రెండోసారా? ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?" అంది కున్సులు.

"నా ఇంజను నలభై సార్లు ఆరిపోయాకే వెలిగిందక్కా."

నింపాదిగా కోశాడు. లేవదీసి నిలబెట్టి, వీపుకు అరచెయ్యి ఆనించాడు. కాగితమంత బలం. చెయ్యి తియ్యలేదు, బలం పెంచలేదు. నిమిషం గడిచింది. కుడికాలు కాస్త జరిగింది. తరవాత ఎడమకాలు. మళ్ళీ కుడికాలు. కంబళి అయిపోయి మట్టినేల వచ్చినా అడుగు ఆగలేదు. పందెం వీరుడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. బెయ్‌బిత్ చెయ్యి అలాగే ఆనించి నవ్వుతూ వెంట నడిచాడు.

గుమ్మం పట్టుకుని నిలబడి, అల్తినై వెనక్కి తిరిగింది.

"ఇక చెయ్యి తియ్యరా మనవడా! ఎనభై మూడేళ్ళ కిందటే, పసిపిల్లగా ఉన్నప్పుడు, నాకీ తాడు ఒకసారి కోశారు. నడక నాకేం కొత్త కాదు!"