వీరకవి, బురదకవి

జనం యుద్ధవార్తలు చదవడం మానేసి కవితల్లో వినడం మొదలుపెట్టాక, ప్రతి ఇంటి గోడలోనూ ఇద్దరు యంత్రకవులు వెలిశారు. ఒక్కగానొక్క కొడుకును యుద్ధానికి పంపిన సూరీడమ్మకు వీరకవి ఇష్టం. అతని సైనికులు సింహాలు, వాళ్ళకు ఆకలి కూడా వేయదు. కోడలు హిమజకు బురదకవి కావాలి. అతని సైనికులు తడి మేజోళ్ళు ఆరబెట్టుకుంటారు, పప్పులో ఉప్పు తక్కువైందని తిట్టుకుంటారు. రోజూ సాయంత్రం గోడ దగ్గర తగువే.

ఆ రోజు హిమజ వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే అత్త కేక వినబడింది.

“ఒలే, ఇన్నావా! నా కొడుకు పేరు సెప్పినాడే! గవర్రాజని, గొంతెత్తి మరీ!”

హిమజ చేతిలో కత్తి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఇద్దరు కవులనూ పోల్చుకుంటూ విన్నది ఆమె ఒక్కతే. వీరకవి నోట ఇంతవరకూ బతికున్నవాడి పేరు రాలేదు.

“ఈదందరికీ మిఠాయి పంచుతాను,” అంటూ సూరీడమ్మ చెప్పులు వెతుక్కుంటోంది.

“ఒక్క నిమిషం ఆగత్తా,” అని హిమజ కవిని మార్చింది.

బురదకవి మెల్లగా చెప్పాడు. శిబిరంలో తాడు మీద మేజోళ్ళు ఆరాయట. ఒక్కొక్కరే వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుపోయారట. ఒక జత మాత్రం తాడు మీదే ఉండిపోయిందట.

“ఏటే ఈ మేజోళ్ళ గోల! నా కవిని పెట్టు. ఆడి పేరు మల్లీ ఇందాం.”

హిమజ పెట్టింది.