వందకు వంద మార్కులు

“మన ఆశ్రయానికి వందకు వంద!” అంటూ ఆశ్రయం మేనేజరు, కొత్త పెళ్లికూతురు సుమేధ వంటగదిలోకి పరుగెత్తుకొచ్చింది. ఇల్లులేని ఆడవాళ్ల ఆశ్రయాల జమాఖర్చులనూ పాలననూ తనిఖీ చేసే యంత్రం ఇచ్చిన మార్కులవి.

వంటగదిలో తలదాచుకుంటున్న పోలమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. యంత్రం చూసిన ముఖం వివరాలు ఇంటివాళ్లకు చేరిపోతాయి. మొగుడు వచ్చి చంపేస్తాడని ఆమె పేరు నమోదు చేయించుకోలేదు. సుమేధే తన కంచంలోని అన్నం ఆమెకు పెడుతోంది.

గోడలోంచి యంత్రం మర్యాదగా అడిగింది. “మేనేజరుగారూ, చిక్కిపోతున్నారే! మీ అన్నం ఎవరు తింటున్నారు?”

సుమేధ నవ్వేసింది. “ఉపవాసాలండీ.”

“సంతోషం. రేపు పొద్దున్నే అందరి ముఖాలూ చూస్తాను. తెలియని ముఖం ఒక్కటున్నా ఆశ్రయానికి తాళమే.”

“నేనెల్లిపోతానమ్మా,” అని గొణిగింది పోలమ్మ.

సుమేధ గ్రైండరు వేసి, ఆ మోతలో ఆమె చెవిలో చెప్పింది.

“రేపు నాతో సహా అందరం కొంగు కప్పుకునే నిలబడతాం పిన్నీ.”